పక్క సీటు తలుపు

రేపు కారు కొనేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారని డ్రాయింగు మాస్టారు పొద్దున్నే పని మొదలుపెట్టారు. షెడ్డులో చతికిలబడి, డ్రైవరు వైపు తలుపు హ్యాండిల్ వెనక గుంటలో పాలిష్ రాసి మెత్తటి గుడ్డతో రుద్దుతున్నారు. పక్కన నేల మీద స్పీకర్లో పెట్టిన ఫోను. అందులో అక్క.

"అన్నీ సన్నటి గీతలే అక్కా. ఎప్పుడు పడ్డాయో ఏమో, బోలెడున్నాయి."

"గోళ్ళ గీతలురా అవి. తలుపు తీసినప్పుడల్లా పడతాయి. మా కారుకి నా వైపున్న గీతలు చూసి మీ బావ ఎన్నిసార్లు సణిగారో! ఇక వెనక తలుపులైతే పిల్లలు పీకి పాకం పెట్టారు. గుండ్రంగా రుద్దు, పోతాయి."

నిజంగానే పోయాయి. మాస్టారు మురిసిపోయారు.

"మరింకేం, అటువైపు కూడా కానిచ్చెయ్," అంది అక్క.

ఫోనూ, పాలిష్ డబ్బా పట్టుకుని పక్క సీటు వైపు వెళ్ళారు. హ్యాండిల్ వెనక వేలితో తడిమారు. వంగి చూశారు. వెనక తలుపులు రెండూ చూశారు. షోరూములోంచి తెచ్చుకున్న రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఒక్క గీత లేదు.

"ఏరా, పోతున్నాయా?"

"ఆఁ, పోతున్నాయక్కా. ఇటువైపు మరీ ఎక్కువున్నాయి. కాస్త టైం పట్టేలా ఉంది."

ఫోను పెట్టేశాక పాలిష్ డబ్బాకి మూత బిగించారు. పక్క సీటు తలుపు తీశారు. వేశారు. మళ్ళీ తీశారు, ఈసారి గోళ్ళు గట్టిగా ఆనేలా.