కాన్పు చేసినవారు

“నూట యాభై కాన్పులు సొంతంగా చేసుంటేనే పై గ్రేడు. ఈ రిజిస్టర్లో లిదియమ్మ పేరు మీద ఒక్కటీ లేదే?”

నెల్లూరు నుంచి జీతాల గ్రేడ్లు తేల్చడానికి వచ్చిన ఆఫీసరు మాలకొండయ్య, డాక్టర్ కరుణశ్రీ బల్ల మీది మిఠాయి ఇంకో ముక్క తీసుకున్నాడు. నిన్న ఆమె పాప మొదటి పుట్టినరోజు.

ఎదురుగా లిదియమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. ఉదయగిరి పక్కనున్న ఈ చిన్న ఆసుపత్రిలో పదిహేడేళ్లుగా కాన్పుల నర్సు. ఈసారి గ్రేడు తప్పితే రిటైరయ్యేదాకా ఇదే జీతం.

“అన్నీ నేనే చేసినాను సార్. పేరు మాత్రం డాక్టరుదే రాయాల. ఇక్కడ పద్ధతి అది.”

“రాసిన చెయ్యి ఎవరిది?”

“నాదే.”

“నీ చేత్తో డాక్టరు పేరు రాసి, ఇప్పుడు నేనే చేసినానంటే ఎట్టమ్మా?” మాలకొండయ్య డాక్టరు వైపు తిరిగాడు. “మీరేమంటారు మేడమ్?”

కరుణశ్రీ వెనక గోడకు, ఎక్కువ కాన్పులు చేసినందుకు తనకిచ్చిన షీల్డు వేలాడుతోంది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. నిజం చెబితే అది దిగాలి.

“లిదియమ్మ... సాయం చేస్తుంది,” అంది. ఆ మాట తనకే రోత పుట్టించింది.

లిదియమ్మ కోపగించలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

“సార్, నిరుడు తుపాను నాటి పేజీ ఒక్కటి చూడండి. వాగు పొంగి ఆత్మకూరు దారి తెగినాదే, ఆ రోజుది.”

“ఆ రోజు మేడమ్ ఊళ్లో లేరా?”

“ఎందుకు లేరు సార్? కాన్పు గదిలోనే ఉండారు. అబద్ధం నేను చెప్పను.”

“ఉంటే ఇంకేంది? ఆమే చేసుంటారు!” నవ్వుతూ రిజిస్టర్ మూయబోయాడు.

‘ఇంకొక్కసారి తల్లీ, ఇంకొక్కసారి’ అన్న ఆనాటి లిదియమ్మ గొంతు కరుణశ్రీ చెవుల్లో మోగింది. ఆ పేజీ కింద చదవకుండానే సంతకం పెట్టింది తనే.

“ఆగండి సార్.” రిజిస్టర్ లాక్కుని, ఆ పేజీ తానే తీసి, ఒక వరుస మీద వేలు పెట్టింది. “ఇది చదివి, ఆమె గ్రేడు రాయండి.”

మాలకొండయ్య కళ్లజోడు సవరించుకున్నాడు.

బాలింత పేరు కరుణశ్రీ. కాన్పు చేసినవారు డాక్టర్ కరుణశ్రీ.