పదకొండో పేరు

"ఈ సంతకం ఎవరిదండీ?" ప్రొఫెసరమ్మ హాజరు కాగితం పట్టుకుని చివరి వరసకొచ్చింది.

"నాదేనమ్మా. ఈసారి బయటివాళ్లూ పెట్టాలన్నారు." ఏటా వచ్చి, వెనక కూర్చుని, ఏమీ అడగకుండా వెళ్లిపోయే ముసలాయన చెప్పాడు.

యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు పైకి చదివాకే ఆమె ఏటా ఆ యుద్ధం మీద సెమినార్ మొదలుపెడుతుంది. ఆ జాబితాలో పదకొండోది ఈ సంతకంలో ఉన్న పేరే.

"అప్పట్లో అవతలి సైన్యానికి దొరికిపోయాను. తిరిగొచ్చేసరికి చచ్చిపోయానని రాసేశారు."

"అయ్యో! నిక్షేపంలా ఉన్న మనిషిని ఇరవై ఏళ్లుగా చంపుతున్నానా! ఒక్కసారైనా చెప్పకూడదా?" ఆమె జాబితా తీసి ఆ పేరు కొట్టెయ్యబోయింది.

ఆయన కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనివ్వండమ్మా. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు."