నీటి మట్టం రాసినవాడు

డైరెక్టరు గారికి,

మీ పరిశోధన కేంద్రం మన ఏరు గురించి వేసిన పుస్తకంలో నా పేరు లేదని పద్నాలుగేళ్లుగా కడుపు మండుతూనే ఉంది. సైన్సు వాళ్ల పేర్లున్నాయి, చరిత్ర వాళ్ల పేర్లున్నాయి. రోజూ పొద్దున్నే వంతెన కిందికి దిగి నీటి మట్టం కొలిచి రాసిన నేనే లేను.

మొన్న అదే కడిగేద్దామని మీ గదికొచ్చాను. మీరు నవ్వారు.

"ముప్పై ఏళ్లలో ఒక్క రోజూ తప్పలేదు పెద్దాయనా! మీ అంకెల్ని నమ్మే కదా వంతెనకి ఎర్రగీత గీశాం. నీళ్లు దాన్ని దాటవని మేం చెప్పాకే ఒడ్డున ఇళ్లు కట్టారు."

మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ నేను ఏటికే వెళ్లలేదని, ఆమె మంచం పక్కన కూర్చుని ఊహించి రాశానని అక్కడికక్కడే మీకు చెప్పాను. తిరిగొచ్చి చూస్తే స్తంభం మీద వరద బురద ఇప్పటి గీతకి నిలువెత్తు పైన ఉంది. చెబితే పని పోతుందని అప్పట్లో నోరు మూసుకున్నాను.

"పేరు వేయలేదన్న కోపంతో ఇంత మాటంటారా? వచ్చే అచ్చులో వేయిస్తాం లెండి" అన్నారు మీరు.

ఆ ఇళ్లు కట్టించిన ఆఫీసుకి వెళ్లాను. "పరిశోధన కేంద్రం వాళ్లు రాసిస్తేనే ఇళ్లివ్వడం ఆపుతాం తాతా" అన్నారు.

నా పేరు మీరే ఉంచుకోండి. సోమవారం ఆ ఇళ్లలోకి జనం దిగుతున్నారు. శుక్రవారంలోగా, ఆ పదకొండు రోజులకీ నేను రాసినవి దొంగ అంకెలని మీ సంతకంతో జవాబు పంపండి.