నరసాపురం ఆవిడ కత్తి

పక్షవాతం వచ్చి తగ్గాక శ్యామలాంబ చేతిలో కత్తి నిలవలేదు. పాలకొల్లులో ఎస్టీడీ బూత్ పక్కనున్న కొబ్బరిబొండాల కొట్టు మూసేసింది. "నాకింక కత్తులేమీ చేసిపెట్టొద్దండి," అని కమ్మరి పని చేసే మొగుడు అప్పాజీకి తెగేసి చెప్పింది.

"నరసాపురంలో ఒకావిడ బొండాల కత్తి అడిగింది. ఆవిడకీ నీలాగే పట్టు లేదట. ఓసారి పట్టి చూడు," అన్నాడు అప్పాజీ, కొత్త కత్తి అందిస్తూ.

తోలు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన పిడి అది. "చిటికెన వేలి దగ్గర లావుగా ఉంది. పాపం, ఆవిడకి నొప్పెడుతుంది," అంది శ్యామలాంబ. అతను ఆకురాయితో అరగదీశాడు. మళ్ళీ పట్టింది, మళ్ళీ అరగదీశాడు.

చివరికి బొండం మీద ఒక్క వేటు వేసింది. పిడి జారలేదు.

"కుదిరిందండి. ఆవిడని రమ్మనండి."

"వచ్చి నా ఎదురుగానే కూర్చుంది."

శ్యామలాంబకి నవ్వొచ్చింది. కత్తి మాత్రం కింద పెట్టకుండా ఇంకో బొండం అందుకుంది.