ఇంటిపేరు పందెం

పెళ్లి రిజిస్ట్రేషన్‌కు ఇంకా కాస్త సమయం ఉంది. పోలండ్‌లోని లుబ్లిన్ చౌరస్తాలో మేడంత ప్రకటన తెర మీద బంతాట నడుస్తోంది. చేతిలో ఫోను ఊపితే తెర మీద బ్యాటు కదులుతుంది. పెళ్లికూతురు యాగ్నా, పెళ్లికొడుకు జెమోవిత్ పందెం కట్టారు. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల ఇంటిపేరు పెట్టుకోవాలి.

"నీ కపుస్తా ఇంటిపేరు నాకొద్దు బాబూ! జీవితాంతం క్యాబేజీ అంటారు!" అంది యాగ్నా.

"నీ పిచ్చుక పేరుకంటే నయమే! కాచుకో!"

జనం ఈలలు వేశారు. యాగ్నా పెళ్లిగౌను ఎగదోసి ఆఖరి బంతి కొట్టింది. జెమోవిత్ బ్యాటుకు గాలే తగిలింది.

"గెలిచా!"

అంతలో తెర నిండా విజేత పేరు వెలిగింది. ఆటకు ముందు ఆమె ఫోనులో కొట్టిన పేరు: యాగ్నా కపుస్తా.

జెమోవిత్ నోరెళ్లబెట్టాడు. "మరి ఇంత పోట్లాట ఎందుకే?"

"ఓడిపోయి పెట్టుకుంటానా? గెలిచి పెట్టుకుంటున్నా!"