ఎడమచేతి ముడి

భవాని పేట్‌లో ఆ రాత్రి కరెంటు పోయి బట్ట నేసే కరెంటు సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతే, ఆ నిశ్శబ్దానికి ఎలుకలు కూడా ఉలిక్కిపడ్డాయట. లలిత మాత్రం కందిలి వెలుగులో పాత నమూనా ముక్క ఒకటి ముందు పెట్టుకుని, వలలాంటి జాలీ శాలువ అల్లుతూనే ఉంది. ముత్తవ్వల నాటి ఆ నమూనా ముక్క, చనిపోయిన తోటికోడలు మంగళది. తన కూతురు బాలమణికి ఇమ్మని చెప్పి పోయింది. లలిత దాన్ని దాచుకుని, "మా అమ్మ నేర్పింది" అని వాడంతా చెప్పుకుంది.

ఇంతలో నూలు తెగింది. నీళ్లు తాగొచ్చి అతుకుదామని లేచింది. తిరిగొచ్చేసరికి తెగిన చోట ముడి పడి ఉంది. మగ్గం మీద వేసే ముడే, కానీ కొసలు ఎడమకు తిరిగాయి. ఆ ఇంట్లో ఎడమచేత్తో ముడి వేసేది మంగళ ఒక్కతే.

పక్కన పడుకున్న బాలమణి కదిలింది.

"చిన్నమ్మా, గంతసేపటి సంది అడుగుతుంటే చెప్పవేంది?"

"ఎవలే అడిగేది? పండుకో."

"ఈ నమూనా ఎవలదని అడుగుతుంది గదా."

లలితకు ఏ గొంతూ వినబడలేదు. ఎడమకు తిరిగిన ఆ ముడిని మళ్లీ చూసింది. తల వంచుకుని, "మీ అమ్మదే బిడ్డా, నేనే దాచిన" అంది.

"నాకెందుకు చెప్తవ్?" అంది బాలమణి నిద్రమత్తులో. "నీ ఎనుక కూసున్నది, ఆమెకు చెప్పు."