జానెడు లోతు

"ఈ బిళ్ల మీ ఆయనదేనా? సరిగ్గా చూసి చెప్పమ్మా," అన్నాడు హవల్దారు రంగనాయకులు.

సుబ్బులమ్మకు చదువు రాదు. అయినా బిళ్లను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. రూపాయంత ఉంది. మట్టి తుడిస్తే అక్షరాలు కనిపించాయి.

యుద్ధకాలంలో ఊరి పక్క బీడులో పటాలం ఫిరంగులు కాల్చడం నేర్చుకునేది. అప్పుడు పేలకుండా మిగిలిన గుండొకటి మొన్న నాగలికి తగిలి పేలడంతో ఎద్దు చచ్చిపోయింది. అందుకే పటాలం మళ్లీ వచ్చి, చేనుచేనూ యంత్రంతో వెతుకుతోంది. నేలలో ఇనుమున్న చోట అది కీచుమంటుంది. ఊరివాళ్లు దానికి కీచురాయి అని పేరు పెట్టేశారు.

"మాలకొండయ్య అని రాసుంది," అన్నాడు హవల్దారు.

"ఈ ఊళ్లో మాలకొండయ్యా అని కేకేస్తే సగంమంది పలుకుతారు సారూ," అన్నాడు సుబ్బులమ్మ మరిది పుల్లయ్య. "పటాలానికే ముగ్గురు మాలకొండయ్యలు పోయినారు. ఇద్దరు వచ్చినారు. మా అన్న బర్మాలో కనపడకుండా పోయినాడన్నారు. మద్రాసు పోయి కర్నూలు వచ్చె, కర్నూలు పోయి హైదరాబాదు వచ్చె, రాజధానే మూడు తావులు మారె. మా అన్న మాత్రం రాలే."

"దీని మీద నంబరుంది. ఆయన నంబరు ఇంట్లో ఎక్కడన్నా ఉందా?"

సుబ్బులమ్మ లోపలికి పరుగెత్తి నల్ల ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చింది. సెలవుకు వచ్చినప్పుడు మాలకొండయ్య వదిలి వెళ్లిన పెట్టె అది. మూత మీద తెల్లరంగు అంకెలున్నాయి. అవి మాసిపోకుండా ప్రతి పండక్కీ నూనెగుడ్డతో తుడిచేది. హవల్దారు ఒక్కో అంకెనూ బిళ్లతో పోల్చి చూశాడు.

"ఆయనదే," అన్నాడు. "ఈ బిళ్లను సిపాయి మెడలోంచి తియ్యడమ్మా. బిళ్ల ఇక్కడుందంటే మనిషి ఇక్కడికి వచ్చినట్టే."

సుబ్బులమ్మ ముఖం పెళ్లిపందిట్లో ఎట్లా వెలిగిందో అట్లా వెలిగింది. "యాడ దొరికింది?"

"మీ చేన్లోనే. తూర్పు గట్టు కింద, జానెడు లోతులో."

ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు.

"ఆ గట్టు మీద నిలబడితే మా వాకిలి కనపడుతాది," అంది మెల్లగా. "నేను పెట్టే దీపం కూడా కనపడుతాది."

గడప దగ్గర కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్న అత్త పోలమ్మ వైపు తిరిగింది. "వింటివా అత్తా? నీ కొడుకు చేనిదాకా వచ్చినాడంట. దీపం చూసి ఎనక్కి పోయినాడంట."

పోలమ్మ చేతులు ఆగలేదు. "వాని బుద్ధే అంత. చిన్నప్పటి నుంచీ నిలకడ లేదు."

"యాడనో ఇంకో సంసారం పెట్టినట్టుండాడు," అన్నాడు పుల్లయ్య.

"పెట్టే ఉంటాడు," అంది పోలమ్మ.

సుబ్బులమ్మ కళ్లు తుడుచుకుంది. "నేను గిద్దలూరికి మా అన్న దగ్గరికి పోతా. ఎవరి కోసం ఉండాల ఈడ?"

"పో."

"పోతే నీకు సంగటి ఎవరు కెలికి పెడతారు?"

"నాకు చేతులు లేవా? పో. పోయేటప్పుడు బొట్టు సరిగ్గా పెట్టుకోని పో. చెదిరింది."

సుబ్బులమ్మ రోషంగా పెట్టె మూత తెరిచింది. చీరల మడతల్లో ఆకుపచ్చ గాజులున్నాయి, త్రిపురాంతకం తిరునాళ్లలో ముచ్చటపడి కొనుక్కున్నవి. ఆయన వచ్చిన రోజు వేసుకుందామని దాచుకుంది. ఇప్పుడు రెండు చేతులకూ నిండా తొడుక్కుంది. మూతకున్న చిన్న అద్దంలో చూసుకుంటూ పెద్ద బొట్టు పెట్టుకుంది.

"బతికే ఉండాడు గదా. నాకేం తక్కువ?" అంది.

పుల్లయ్య పెట్టెను నెత్తికెత్తుకుని బస్సు వచ్చే దారి పట్టాడు. ఆమె వెనకే నడిచింది. గాజుల చప్పుడు సందు మలుపుదాకా వినిపించి, ఆగిపోయింది.

ఇంట్లో పెట్టె ఉన్న చోట నేల మీద నలుచదరపు మచ్చ మిగిలింది. పోలమ్మ దానివైపు చూసి, మళ్లీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

"అవ్వా, ఒక మాట," అన్నాడు హవల్దారు ఇబ్బందిగా. "నేను పైవాళ్లకు చెప్పక తప్పదు. పటాలం వదిలి పారిపోయినాడని నీ కొడుకును వెతుకుతారు."

"వెతకనీ. దొరకడు."

"అంత గట్టిగా ఎట్ల చెప్తావు?"

పోలమ్మ సందు మలుపు వైపు ఒకసారి చూసింది. అక్కడ ఎవరూ లేరు. చేటను పక్కకు జరిపి, బిళ్ల కోసం అరచెయ్యి చాపింది.

"కంభం సిపాయి ఒకాయన చేనికాడికొచ్చి, వాణ్ని బర్మాలోనే పూడ్చినామని చెప్పి దీన్ని నా చేతిలో పెట్టిపోయినాడు. ఇంటికి తెస్తే నా కోడలి గాజులు పగలగొడతారని, మూరెడు లోతు తవ్వి గట్టు కింద దాచినా. వానలకి పైమట్టి కొట్టుకపోయినట్టుంది. నీ కీచురాయికి వినపడకుండా ఉండాలంటే, ఈసారి ఎంత లోతు తవ్వాల నాయనా?"